ఎనిమిదో తరగతికి 19వ శతాబ్దం: ఒక స్కూల్ లైబ్రేరియన్ కేస్ స్టడీ

మాది విజయనగరం జిల్లాలో ఒక బాలికల గురుకులం. ఎనిమిదో తరగతి సోషల్‌లో కంపెనీ పాలన, 1857, సంఘ సంస్కర్తలు వరసగా వస్తాయి. ఆ పాఠాలు చెప్పే మేడం లైబ్రరీకి వచ్చి ఒకటే మాట అడిగారు: "ఆ కాలం కథలు ఏవైనా చదివించండి. పిల్లలకి తేదీలు తప్ప ఇంకేమీ గుర్తుండటం లేదు." అలా మొదలైన పని ఆ విద్యా సంవత్సరం పొడుగునా సాగింది. ఏ పుస్తకాలు పెట్టాను, ఏవి నడిచాయి, ఏవి బీరువాలోనే ఉండిపోయాయి అన్నది నాలాంటి ఉద్యోగంలో ఉన్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

పిల్లల సంగతి ముందు చెప్పాలి. మీడియం ఇంగ్లీషు. ఇంట్లో మాట ఉత్తరాంధ్ర యాస. పుస్తకాల తెలుగు ఈ రెండింటికీ కొంచెం ఎడంగా ఉంటుంది. లైబ్రరీ పీరియడ్ వారానికి ఒక్కటే. అందులో పది నిమిషాలు హాజరుకీ, పుస్తకాలు తిరిగి తీసుకోవడానికీ పోతుంది. ఈ పరిస్థితిలో "ఇదిగో, మంచి పుస్తకం, చదవండి" అని చేతిలో పెడితే వచ్చే వారం అదే మడతతో తిరిగొస్తుంది. అందుకని మొదటి నుంచీ ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏ పుస్తకం ఇచ్చినా ఎక్కడ తెరవాలో, ఎక్కడ ఆపాలో కూడా చెప్పి ఇవ్వాలి. అట్ట లోపల ఒక చీటీ అంటించి, ఏ పేజీ నుంచి ఏ పేజీ దాకా అని రాసి, కింద ఒక్క ప్రశ్న. అంతకు మించి వర్క్‌షీట్లు లేవు, సారాంశాలు రాయించడం లేదు.

వడపోత

ముందు మా బీరువాలో ఉన్నవన్నీ బయటికి తీసి ఒక నోట్‌బుక్‌లో మూడు గళ్ళు గీశాను. రాసిన సంవత్సరం, కథ జరిగిన కాలం, కథ ఎవరి కంటితో చెప్పారు. మొదటి రెండు గళ్ళే చాలా పుస్తకాలను పక్కకి తోసేశాయి. పాత పుస్తకమైతే పాత కాలం కథే అనుకుంటాం గానీ అలా ఏమీ లేదు. బంకించంద్రుడి 'ఆనందమఠం' 1882లో వచ్చింది, కథ మాత్రం 1770 నాటి బెంగాల్ కరువు రోజులది. డికెన్స్ 'రెండు మహానగరాలు' 1859 నాటి నవల, లోపల నడిచేది ఫ్రెంచి విప్లవం. ఇటు తిప్పి చూస్తే, ప్రేమ్‌చంద్ 'చదరంగం ఆటగాళ్ళు' 1924లో రాసినా, అది 1856లో కంపెనీ అవధ్‌ను కలిపేసుకుంటున్న రోజుల కథ. మాకు కావలసింది రెండో గడి.

మూడో గడి వల్ల ఏ పుస్తకమూ పక్కకి పోలేదు. ఏ పుస్తకం పక్కన ఏది పెట్టాలో మాత్రం అదే చెప్పింది. ఈ పనిలో నాకు బాగా పనికొచ్చిన ఆలోచన అదే అనుకుంటాను. 19వ శతాబ్దం గురించి ఏ ఒక్క పుస్తకం ఇచ్చినా పిల్ల ఒక వైపు నుంచే చూస్తుంది. రెండు కలిపి ఇస్తే, రెండింటి మధ్య ఉన్న తేడా తనే పట్టుకుంటుంది.

కాశీకి 15 నెలలు, ప్రపంచానికి 80 రోజులు

మొదటి జత ప్రయాణాలది. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరు. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ వెళ్ళి, తిరుగుదారిలో కలకత్తా, పూరీ, శ్రీకాకుళం, విశాఖపట్నం మీదుగా 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పల్లకీలు, బోయీలు, కావళ్ళు, వెంట వంద మంది దాకా జనం. దారి పొడుగునా రాసుకున్నదే 'కాశీయాత్ర చరిత్ర', 1838లో అచ్చయింది.

దీని పక్కన జూల్స్ వెర్న్ '80 రోజుల్లో భూప్రదక్షిణ' పెట్టాను. అందులో ఫిలియాస్ ఫాగ్ లండన్‌లో బయల్దేరేది 1872 అక్టోబరు 2న. రెండు ప్రయాణాలకీ మధ్య 42 ఏళ్ళు. ఆ మధ్యలో 1853లో బొంబాయి నుంచి ఠాణాకి మొదటి రైలు నడిచింది, 1856లో మద్రాసు రాయపురం నుంచి ఇంకోటి నడిచింది, 1869లో సూయజ్ కాలువ తెరిచారు. ఫాగ్ లెక్కలో బొంబాయి నుంచి కలకత్తాకి మూడు రోజులు.

వీరాస్వామయ్య వచనం ఎనిమిదో తరగతికి నేరుగా ఇవ్వలేం. వాక్యం ఒక పట్టాన ముగియదు. రెండు పేజీలకి సరిపడా భాగాలు ఏరి, పెద్ద అక్షరాల్లో టైపు చేయించి, వాక్యం మధ్య ఊపిరి తీసుకునే చోట గీతలు పెట్టి, జిరాక్స్ తీసి పంచాను. మాటలేవీ మార్చలేదు. ఆమడ, మజిలీ, సవారీ, బోయీలు లాంటి మాటలకి కింద అర్థాలు ఇవ్వకుండా, సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మమ్మనో తాతనో అడిగి రమ్మన్నాను. 'ఆమడ' అంటే ఎనిమిది, పది మైళ్ళని సగం మందికి ఇంట్లోనే తెలిసింది. ఊరు వచ్చినప్పుడల్లా అక్కడ దిగడానికి వసతి ఉందా, నీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా అని ఆయన రాసే తీరు పిల్లలకి భలే నచ్చింది. ఇప్పుడు హోటళ్ళకి ఫోన్లో స్టార్లు ఇస్తాం కదా మేడం, అలాగే ఉంది అంది ఒక పిల్ల. ఆ పోలిక నాకు తట్టలేదు.

వెర్న్‌ని కుదించిన తెలుగు అనువాదంలో చదివారు. చీటీ మీద నేను సూచించింది ఇండియా అధ్యాయాలే: ఖోల్బీ అనే చోట పట్టాలు ఆగిపోవడం, ఏనుగును కొనడం, సతి కాబోతున్న ఔదాను తప్పించడం. ఇక్కడ గోడ మీది మ్యాపు దగ్గర చాలాసేపు ఆగాం. నిజానికి బొంబాయి, కలకత్తా లైను 1870లోనే కలిసిపోయింది. 1872లో అలహాబాదు ముందు పట్టాలు లేకపోవడమన్నది కథకి ఏనుగు కావాలని రచయిత పెట్టుకున్న ఖాళీ. ఈ సంగతి చెప్పగానే క్లాసు లేచి కూర్చుంది. పుస్తకంలో అబద్ధం ఉంటుందా, ఉండొచ్చా అన్న వాదన గంట కొట్టేదాకా సాగింది. తేదీలు గుర్తుండటం లేదన్న ఆ క్లాసులోనే 1870 ముందా 1872 ముందా అని దెబ్బలాడుకున్నారు.

ఔదా కథ దగ్గర ఇంకో రకం ఇబ్బంది వచ్చింది. "మనవాళ్ళందరూ కాల్చేసేవాళ్ళూ, కాపాడేవాళ్ళేమో దొరలూనా?" సతిని కంపెనీ ప్రభుత్వం 1829లోనే నిషేధించింది, దానికి ముందు రామమోహన రాయ్ ఏళ్ళ తరబడి పోరాడాడు. అది పాఠంలో ఉంది, పిల్లలకి తెలుసు. నేను దాని పక్కన రెండు సంగతులు చేర్చాను. ఒకటి, కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో చేయించిన మొదటి వితంతు వివాహం. ఆయన స్వీయచరిత్రలో ఆ రోజుల గొడవంతా ఉంది, బెదిరింపులూ వెలివేతలూ సహా. రెండోది రాససుందరీ దేవి. బెంగాల్ పల్లెలో పెద్ద సంసారం ఈదుతూ, చదివితే పాపం అనుకునే రోజుల్లో, చైతన్య భాగవతంలోంచి ఒక ఆకు లాగి వంటింట్లో దాచుకుని, కొడుకు అక్షరాలు దిద్దిన తాటాకుతో పోల్చి చూసుకుంటూ చదవడం నేర్చుకుంది. 1876లో తన జీవితకథ అచ్చు వేసుకుంది. దాని తెలుగు ప్రతి మా లైబ్రరీలో లేదు, నోటితోనే చెప్పాను. చెప్పిన వారం నుంచి "ఆ ఆకు కథ పుస్తకం ఉందా" అని అడుగుతూనే ఉన్నారు.

వీరాస్వామయ్య దగ్గర కూడా ఒక ప్రశ్న మిగిలింది. పల్లకీ మోసినవాళ్ళ పేర్లు ఎక్కడైనా ఉన్నాయా అని అడిగింది, ఎప్పుడూ చివరి బెంచీలో కూర్చుని మాట్లాడని పిల్ల. మేం చదివిన పేజీల్లో లేవు. ఆ ప్రశ్నని చీటీ మీదకి ఎక్కించాను. తర్వాతి సెక్షన్‌కి అదే మొదటి ప్రశ్న అయింది.

బొంకులదిబ్బ మీద

విజయనగరం జిల్లాలో పనిచేస్తూ 'కన్యాశుల్కం' లేకుండా 19వ శతాబ్దపు జాబితా వేయడం కుదిరే పని కాదు. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని తిరగరాసి బాగా పెంచారు. ఇప్పుడు మనం చదివేది ఆ రెండో కూర్పే. మొదటి రంగమే విజయనగరం బొంకులదిబ్బ దగ్గర. అక్కడికి అమ్మతో సంతకో బట్టలకో వెళ్ళని పిల్ల మా క్లాసులో తక్కువ.

అయినా పుస్తకంగా ఇస్తే నడవదు. ఎనిమిదో తరగతి పిల్ల మొదటి పేజీ చూసి అక్షరాలు వింతగా ఉన్నాయని మూసేస్తుంది. 'యేవిటి', 'వొచ్చి' అని రాసి ఉంటే టెక్స్ట్‌బుక్ తెలుగుకి అలవాటు పడ్డ కంటికి అచ్చు తప్పుల్లా కనిపిస్తాయి. అదే బయటికి చదివితే కథ మారిపోతుంది. చెవికి అది తమ ఊరి మాటే. అందుకని దీనికి చీటీ పద్ధతి వదిలేసి, గొంతు పద్ధతి పట్టుకున్నాను. గిరీశం, అతని దగ్గర ఇంగ్లీషు నేర్చుకునే వెంకటేశం, ఈ రెండు పాత్రలూ ఇద్దరికిచ్చి, మిగతావాళ్ళు పుస్తకం మూసి వినాలి. మొదటిసారి గిరీశం చదివిన పిల్ల సరిగ్గా మా డ్రైవర్ అన్న గొంతు పెట్టేసరికి ఇంకెవరూ ఆగలేదు.

అన్నిటికన్నా నవ్వు తెప్పించింది కృష్ణరాయపురం అగ్రహారంలో ఇంగ్లీషు రంగం. మీ ఇంగ్లీషు ఏదీ, ఒకసారి మాట్లాడండి వింటాను అని వెంకటేశం వాళ్ళమ్మ వెంకమ్మ అడిగితే, గురుశిష్యులిద్దరూ రీడర్లలో బట్టీ పట్టిన ముక్కలూ, పద్యాల పాదాలూ, జామెట్రీ సూత్రాలూ కలిపి ఒకరికొకరు జవాబిచ్చుకుంటారు. విన్న పెద్దవాళ్ళకి అది దొరల సంభాషణే. ఇంగ్లీషు మీడియంలో పడి మూడేళ్ళు కూడా కాని పిల్లలకి ఆ రంగం ఎందుకు అంత బాగా తగులుతుందో నేను వివరించనక్కరలేదు. హాస్టల్లో రాత్రిళ్ళు సైన్సు డెఫినిషన్లతో ఆ ఆట ఆడుకుంటున్నారని వార్డెన్ మేడం చెప్పారు.

నవ్వించి వదిలేస్తే అది కన్యాశుల్కం కాదు. అందుకే మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసుకున్న ముందుమాటలోంచి లెక్కలు తీసి బోర్డు మీద రాశాను. విజయనగరం మహారాజు పురమాయిస్తే, అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాల (ఆడపిల్లకి డబ్బు తీసుకుని చేసే పెళ్ళిళ్ళ) జాబితా ఒకటి తయారైంది. (మా జిల్లా 1979 దాకా లేదు కాబట్టి మా ఊళ్ళన్నీ అప్పుడు ఆ జిల్లాలోవే.) జాబితాకెక్కిన పెళ్ళిళ్ళు 1034. ఐదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు. డబ్బు తీసుకున్నామని ఒప్పుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి ఇది పూర్తి జాబితా కాదని కూడా ఆయనే రాశారు.

బోర్డు మీద అంకెలు చూసి ఒకమ్మాయి పుస్తకం వెనకపేజీలో కూడింది. 188. తర్వాత 1034లోంచి తీసేసింది. "మిగతా 846 మందికి ఎన్నేళ్ళు మేడం?" ఎవరూ చెప్పలేదు. మా బడిలో పదో తరగతి అవగానే పెళ్ళి కుదిరి ఇంటర్‌లో చేరని పిల్లలు ఉంటారు, అది క్లాసులో అందరికీ తెలుసు. ఆ ముక్క నేనెత్తలేదు. వాళ్ళే ఎత్తారు, పేర్లు చెప్పకుండా.

మధురవాణి సంగతి ఏం చేశారని తోటి లైబ్రేరియన్లు తప్పకుండా అడుగుతారు. నాటకంలో సగం బుర్ర ఆమెదే, దాచేస్తే నాటకమే ఉండదు. ఆవిడెవరని పిల్లలు అడిగితే వేశ్య అని చెప్పాను. ఆ కాలంలో ఆ వృత్తి ఎలా ఉండేదో, నాచ్ పార్టీలని దొరలూ జమీందార్లూ ఎలా పిలిచేవారో, వద్దని ఉద్యమం ఎలా వచ్చిందో రెండు ముక్కల్లో చెప్పాను. తరగతి గదిలో సూటిగా చెప్తే పిల్లలు సూటిగానే తీసుకుంటారు. కాకపోతే ఎనిమిదికి ఎంచుకున్న రంగాలు మాత్రమే, మొత్తం నాటకం తొమ్మిది నుంచి అని గీత గీసుకున్నాను. ఒకరిద్దరు ఎనిమిదో తరగతివాళ్ళు అక్కల కార్డు మీద మొత్తం పుస్తకం తీసుకెళ్ళారు. రిజిస్టర్లో నాకు కనిపించింది, ఊరుకున్నాను.

"ఇందులో మావాళ్ళెక్కడ?"

ఇది నేను మొదటి నుంచీ వస్తుందనుకున్న ప్రశ్నే. 19వ శతాబ్దపు తెలుగు పుస్తకాల్లో ఎక్కువ భాగం అగ్రహారాల చుట్టూ తిరుగుతాయి. మా పిల్లల్లో ఎక్కువమంది దళిత, బీసీ కుటుంబాలవాళ్ళు, కొందరు కొండ ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళకి ఆ శతాబ్దం ఎవరిదో పక్కింటి ఆల్బమ్‌లా ఉంటే తప్పు వాళ్ళది కాదు.

ఇక్కడ పనికొచ్చింది పుస్తకం కూడా కాదు, ఒక వ్యాసం. పూణేలో ఫూలే దంపతులు 1848లో బాలికల బడి తెరిచారు. వాళ్ళ బడుల్లో చదువుకున్న ముక్తా సాల్వే అనే మాంగ్ (ఒక దళిత కులం) పిల్ల, 14 ఏళ్ళ వయసులో మాంగ్, మహార్ల దుఃఖం గురించి ఒక వ్యాసం రాసింది. 1855లో 'జ్ఞానోదయ' పత్రికలో అచ్చయింది. వేదాలు బ్రాహ్మణుల సొత్తయితే మాకు మతగ్రంథమే లేనట్టు కదా, అలాంటప్పుడు మా మతం ఏదని నేరుగా దేవుణ్ణే నిలదీస్తుంది. ఇంగ్లీషు అనువాదం నుంచి నేనే తెలుగులోకి తెచ్చి, నాలుగు పేజీల చిన్న పుస్తకంగా కుట్టాను. ఆ ఏడు మా లైబ్రరీలో అట్ట ఎక్కువగా నలిగింది దానిదే. రాసిన పిల్లకి తమ వయసే అన్న విషయం వాళ్ళకి చాలా పెద్దది. తర్వాత కొందరు తామూ వ్యాసాలు రాసి తెచ్చారు. అచ్చు వేయమని అడిగారు, నోటీసు బోర్డు మీద పెట్టాను.

దీనికి జతగా 'హకల్‌బెరీ ఫిన్' పెట్టాను, నండూరి రామమోహనరావు అనువాదం. చీటీ మీద ఒకే ఘట్టం: పారిపోయిన బానిస జిమ్ ఎక్కడున్నాడో యజమానురాలికి చెప్తూ రాసిన ఉత్తరాన్ని హక్ చింపేయడం. చింపితే నరకానికి పోతానని నమ్ముతూనే చింపుతాడు. అది పాపమని వాడికి చిన్నప్పటి నుంచీ చెప్పిందెవరు అన్నదే ప్రశ్న. జవాబులు చర్చి దగ్గర మొదలై మా ఊళ్ళ దాకా వచ్చేశాయి. కథ జరిగేది అమెరికాలో బానిసత్వం ఉన్న రోజుల్లో, నవల వచ్చింది అది రద్దయి ఇరవై ఏళ్ళు కావస్తుండగా. రచయిత ఎందుకు వెనక్కి వెళ్ళి రాశాడన్నది పై తరగతుల ప్రశ్న.

మిగతావి, క్లుప్తంగా

'లిటిల్ విమెన్' హాస్టల్ పుస్తకం. నలుగురు అక్కచెల్లెళ్ళు, యుద్ధానికి పోయిన నాన్న. జో తన జుట్టు 25 డాలర్లకి అమ్మేసి, జబ్బుపడ్డ నాన్న దగ్గరికి వెళ్ళే అమ్మ చేతిలో ఆ డబ్బు పెట్టే చోట తెరవమన్నాను. జుట్టు మీద మా పిల్లలకున్న ప్రేమ తెలిసినవాళ్ళకి ఆ అధ్యాయం ఎలా చదువుకున్నారో చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు సంక్షిప్త ప్రతినే ఓపికగా లాగించారు.

'కాబూలీవాలా' 1892 నాటి కథ, ఒక్క పీరియడ్‌లో అయిపోతుంది. రహమత్ జేబులోంచి కూతురి చేతిముద్ర ఉన్న కాగితం తీసే చోట హాస్టల్ పిల్లలు ఏడుస్తారు, కాబట్టి చివరి పీరియడ్‌లో పెట్టకండి. 'చదరంగం ఆటగాళ్ళు' ఎనిమిదికి అందలేదు. లక్నో, నవాబు, రెసిడెంటు ఎవరో చెప్పేసరికి కథ చల్లారిపోయింది. తొమ్మిదిలో 1857 పాఠం గుర్తున్నప్పుడు మళ్ళీ చూడాలి. షెర్లాక్ హోమ్స్‌ని నేను పెట్టనక్కరలేకపోయింది, వాళ్ళే తీసుకున్నారు. 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో నిధి 1857 తిరుగుబాటులో ఆగ్రా కోటలో కొట్టేసిందే అన్న ఒక్క ముక్క చెప్పి వదిలేశాను.

'ఆలివర్ ట్విస్ట్' సంక్షిప్త ప్రతులు మాత్రం నాకు తృప్తినివ్వలేదు. ఇంకొంచెం గంజి అడిగే చోటు అందరికీ గుర్తుంది, మిగతా అంతా తప్పిపోయిన పిల్లాడు దొరికాడన్న సినిమా కథగా మిగిలింది. 1834 నాటి పేదల చట్టం మీద డికెన్స్ కోపమే ఆ నవలకి ప్రాణం. కుదించినవాళ్ళు ముందు తీసేసేది అదే. కొత్త ప్రతులు కొనమని ఎవరికీ చెప్పను.

ఏం తేలింది

సోషల్ మేడం చూసిన మార్పు జవాబుల్లో ఉంది. సంవత్సరాలు తప్పులు పోతూనే ఉన్నాయి, కానీ ఏది ముందు ఏది తర్వాత అన్నది పోవడం లేదట. ఇష్యూ రిజిస్టర్‌లో నాకు కనిపించింది వేరు. జతలో ఒక పుస్తకం తీసుకున్న పిల్ల చాలాసార్లు రెండోది తనే అడిగి తీసుకుంది. జత లేకుండా ఒంటరిగా పెట్టినవి అలా కదల్లేదు. గట్టిగా చదివి వినిపించకపోతే పాత తెలుగు ఏదీ నడవలేదు, ఇంగ్లీషు నుంచి వచ్చినవి మాత్రం నడిచాయి. ఇది కొంచెం బాధ కలిగించే సంగతే. కానీ దానికి మందు భాష తేలిక చేయడం కాదనీ, మంచి గొంతు ఒకటి వెతుక్కోవడమనీ నా అభిప్రాయం.

వచ్చే ఏడు జాబితాలో ఒక ఖాళీ ఉంది. కొండ ఊరి పిల్ల ఒకమ్మాయి, "అప్పట్లో కొండల మీద ఏం జరిగింది?" అని అడిగింది. అల్లూరి కంటే నాలుగు దశాబ్దాల ముందు, 1879లో గోదావరి జిల్లా కొండల్లో రంప పితూరీ (తిరుగుబాటు) జరిగింది. మన్సబుదారు (ఆ కొండల జమీందారు) పీడింపు, కల్లు మీద చిగురుపన్ను, అబ్కారీ చట్టాలు తట్టుకోలేక ముఠాదార్లూ (కొన్ని కొండ ఊళ్ళ మీద పెత్తనం ఉన్న పెద్దలు) జనమూ తిరగబడ్డారు. పిల్లలు చదవగలిగేలా రాసిన కథ మా బీరువాలో ఒక్కటీ లేదు. 1907 గోదావరి జిల్లా గెజిటీర్‌లో వివరం ఉంది, దాని నుంచి నాలుగు పేజీలు రాస్తున్నాను. నోట్‌బుక్‌లో మూడో గడిలో దానికి 'దొరల కంటితో' అని రాసి, జత గడి ఖాళీగా ఉంచాను. రంప వైపు బడుల్లో పనిచేసేవాళ్ళ దగ్గర ఆ పితూరీ గురించి ఊరివాళ్ళు చెప్పుకునే కథలో పాటలో రికార్డయి ఉంటే పంపండి, టైపు చేసి కుట్టే పని నాది.